ఆల్బమ్ కవరుకూ పోస్టరుకూ పోలిక ఎంతవరకు ఉండాలి?

మువ్వలసవ్వడి (మైలాపూరు)

నమస్కారం. చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్ళం కొందరం కలిసి క్షేత్రయ్య పదాలు కొన్ని పాడి రికార్డు చేశాం. వచ్చే నెల మైలాపూరులోనే ఒక చిన్న హాలులో విడుదల పెట్టుకున్నాం. సీడీలు కొద్దిగానే వేస్తున్నాం, మిగతాదంతా ఫోన్లలో వినేవాళ్ళ కోసమే. కవరు బొమ్మ తయారైంది, అందరికీ నచ్చింది. చిక్కంతా పోస్టరు దగ్గరే వచ్చింది.

కవరు ఎలా ఉంటుందో చెబుతాను. నలుచదరం. నేపథ్యం ముదురు నీలం. కుడివైపు కింది మూలలో ఎర్రతాడుకు గుచ్చిన ఇత్తడి మువ్వలు. ఆ వరుస అంచు దాటి బయటికి పోయినట్టు ఉంటుంది, చివరి మువ్వ సగమే కనిపిస్తుంది. ఎడమవైపు పైన 'క్షేత్రయ్య పదాలు' అని లేత పసుపు అక్షరాలు, బాగా చిన్నవి. మధ్యలో అంతా ఖాళీ నీలమే. మువ్వగోపాల ముద్ర (క్షేత్రయ్య తన పదాల్లో వేసుకునే గుర్తుపేరు) ఉన్న పదాలనే ఎంచుకున్నాం కాబట్టి మువ్వలు తప్ప వేరే బొమ్మ వద్దనుకున్నాం.

పోస్టరు పని ఒకచోట అప్పగిస్తే, కవరునే 20×30 అంగుళాలకు నిలువుగా లాగి పంపారు. మువ్వల గుండ్రదనం పోయింది. మళ్ళీ అడిగితే కవరును పైన యథాతథంగా పెట్టి, కింద మిగిలిన చోట నల్లపట్టీ వేసి తేదీ, వేదిక, పాడినవాళ్ళ పేర్లు వరుసగా దింపారు. లోపం ఇదీ అని వేలుపెట్టి చూపలేకపోతున్నాం గాని, చూడగానే అతుకు తెలిసిపోతోంది. పోస్టరు కవరుకు నకలుగా ఉండాలా, వేరే బొమ్మగా ఉండాలా? వేరేగా ఉంటే రెండూ ఒకే ఆల్బమ్‌వని చూసేవాళ్ళకు ఎలా తెలుస్తుంది?

చూపుడువేలు (బెంగళూరు, మల్లేశ్వరం)

నకలుగానే ఉండాలంటాను. పాటలను యాప్‌లలోకి ఎక్కించే పని చేస్తాను కాబట్టి రోజూ చూస్తున్న సంగతే చెబుతున్నాను. కవరును మేము 3000×3000 పిక్సెళ్ళలో తీసుకుంటాం. వినేవాళ్ళ ఫోనులో మాత్రం అది అంగుళమైనా లేని చదరంగా కనిపిస్తుంది. గోడ మీద పోస్టరు చూసిన మనిషి ఇంటికి వెళ్ళి వెతికితే క్షేత్రయ్య పేరుతో ఎన్నో ఆల్బమ్‌లు వస్తాయి. వాటిలో మీది ఏదో అతను బొమ్మను బట్టే పట్టుకోవాలి. పోస్టరులో ఒక బొమ్మ, యాప్‌లో మరో బొమ్మ ఉంటే ఆ దారి అక్కడే తెగిపోతుంది. నల్లపట్టీ అందంగా లేకపోతే దాన్ని నీలం చేయండి, చాలు.

రాతగీత (కోడంబాక్కం)

చూపుడువేలు గారూ, గుర్తుపట్టాలన్న మాటతో నాకు పేచీ లేదు. నకలు చేస్తే గుర్తుపడతారన్న దగ్గరే పేచీ. ముందు లెక్క చూద్దాం.

20×30 కాగితంలో నలుచదరం కవరు పెడితే 20×20 తీసుకుంటుంది. అడుగున 20×10 మిగులుతుంది, అంటే కాగితంలో మూడోవంతు. ఏ2 సైజులో 420×594 మిల్లీమీటర్లు కాబట్టి 174 మిల్లీమీటర్ల ఎత్తు మిగులుతుంది. సినిమావాళ్ళ 30×40లో పావు భాగం మిగులుతుంది. ఏ సైజు తీసుకున్నా నిలువు పోస్టరులో కవరుతో సంబంధం లేని భాగం ఒకటి తప్పకుండా ఉంటుంది. దాన్ని మిగులుగా చూసినంతకాలం అక్కడ పట్టీలే వస్తాయి. నీలం పట్టీ వేసినా కవరు ఎక్కడ ముగిసిందో కంటికి తెలుస్తూనే ఉంటుంది. కవరులో మువ్వలు కింది మూలలో ఉన్నాయి. వాటి కింద ఇంకో పది అంగుళాల చోటు వచ్చి చేరితే అవి ఇక మూలలో ఉండవు, మధ్యలో తేలతాయి. కవరుకున్న అందమంతా ఆ మూల మీదే నిలిచి ఉంది కదా.

రెండోది దూరం. సీడీ కవరు 12 సెంటీమీటర్ల చదరం. అందులో మీ పేరు అక్షరం నాలుగు మిల్లీమీటర్ల ఎత్తు ఉందనుకుందాం. చేతిలో పట్టుకుంటే హాయిగా చదవవచ్చు. కవరును 20 అంగుళాల వెడల్పుకు పెంచితే అది సుమారు నాలుగింతలవుతుంది, అంటే అక్షరం 17 మిల్లీమీటర్లు. బోర్డులు రాసేవాళ్ళు ఇంగ్లీషు అక్షరానికి పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అని లెక్క వేసుకుంటారు. ముప్పై అడుగుల రోడ్డుకు అవతల నిలబడ్డ మనిషికి మూడంగుళాల అక్షరం కావాలి. మీది అంగుళం కూడా లేదు. పైగా 'క్షేత్రయ్య' అన్న పేరు చూడండి. పైన ఏత్వం, కింద షవత్తు, రవత్తు, యవత్తు. అసలు అక్షరం వరుస ఎత్తులో సగమే ఉంటుంది. మూడంగుళాల అక్షరం రాయాలంటే ఐదారు అంగుళాల వరుస కావాలి. అంత అక్షరాన్ని కవరులో ఉన్న చోటే పెడితే ఆ ఖాళీ నీలం చెడిపోతుంది.

కాబట్టి కవరును పెద్దది చేయడం కుదరని పని. కవరు కోసం ఏ నిర్ణయాలు తీసుకున్నారో, వాటిలో ఏవి వదిలితే అది ఈ ఆల్బమ్ కాకుండా పోతుందో తేల్చుకుని, అవి మాత్రం పోస్టరులోకి తీసుకెళ్ళాలి.

అడయారు శ్రోత

నాకు బొమ్మల సంగతి పెద్దగా తెలియదు. అసలు ఈ రెండింటిలో ముందు వచ్చింది ఏది? కవరు చూసి పోస్టరు చేయడం మొదటి నుంచీ ఉన్న పద్ధతేనా?

పాతరికార్డు (పెరంబూరు)

అడయారు శ్రోత గారూ, కవరే పోస్టరు నుంచి పుట్టింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల కాలంలో ఒక్కో రికార్డునూ మామూలు కాగితపు సంచిలో పెట్టి అమ్మేవారు. పెద్ద సంగీత రచన అయితే నాలుగైదు రికార్డులు పట్టేది. వాటిని ఫొటోల పుస్తకంలా అట్టల మధ్య కుట్టేవారు కాబట్టి ఆల్బమ్ అనే పేరు నిలిచిపోయింది. ఆ అట్టల మీద చాలావరకు పేరు తప్ప బొమ్మ ఉండేది కాదు. 1939లో కొలంబియా రికార్డ్స్ కంపెనీ అలెక్స్ స్టైన్‌వైస్ అనే యువకుణ్ణి ఉద్యోగంలోకి తీసుకుంది. ఆ అట్టల మీద బొమ్మలు వేద్దామని పట్టుబట్టింది ఆయనే. అంతకుముందు ఆయన వియన్నా నుంచి వచ్చిన పోస్టరు చిత్రకారుడు జోసెఫ్ బైండర్ దగ్గర సహాయకుడిగా పనిచేశాడు. చదునైన రంగులు, ఒకటే పెద్ద గుర్తు, తక్కువ అక్షరాలు. గోడకు నేర్చుకున్న విద్యను తెచ్చి అట్ట మీద పెట్టాడు. 1948లో అదే కంపెనీ 12 అంగుళాల ఎల్.పి. (ఎక్కువసేపు పాడే రికార్డు) తెచ్చాక ఆ చదరమే ప్రపంచమంతా స్థిరపడింది.

మువ్వలసవ్వడి గారూ, మీ ప్రశ్నకు జవాబు కావాలంటే కవరు లోపలే పోస్టరు మడతపెట్టి ఇచ్చిన రికార్డులను చూడండి. కొనేవాడి చేతిలో కవరు ఎలాగూ ఉంటుంది కాబట్టి పోస్టరు దాన్నే మళ్ళీ చూపిస్తే దండగ. అందుకని అక్కడ చిత్రకారులు నిజంగా ఆలోచించారు.

1968లో బీటిల్స్ తెచ్చిన జంట రికార్డు ఉంది. కవరు మొత్తం తెలుపు. బృందం పేరు కూడా రంగు లేకుండా ఉబ్బెత్తుగా అచ్చొత్తారు, కింద వరుస సంఖ్య వేశారు. చేసింది రిచర్డ్ హామిల్టన్. లోపలి పోస్టరులో మాత్రం ఫొటోలు, చీటీలు, గీతలు ఒకదాని మీద ఒకటి కిక్కిరిసి ఉంటాయి, వెనకవైపు పాటల సాహిత్యం. కవరు ఖాళీ, పోస్టరు నిండు. రంగు కలవలేదు, బొమ్మ కలవలేదు, అయినా రెండూ ఒకే మనిషి ఆలోచనని తెలుస్తుంది, ఎందుకంటే దాచిపెట్టినదంతా లోపల ఉంది. ఇంకో సంగతి. ఆ పోస్టరును మూడు మడతలు వేసి కవరంత చదరం చేస్తారు. అందుకని హామిల్టన్ ఒక్కో మడత భాగాన్నీ విడిగా కూడా ఒక చిత్రంగా నిలిచేలా కూర్చాడు. మొత్తం విప్పితే ఒక బొమ్మ, మడిచి పెడితే మరో బొమ్మ. నా దగ్గర ఉన్న ప్రతిని విప్పి మడుస్తూ చూస్తుంటాను, ప్రతి మడతలోనూ చూపు నిలిచే చోటు ఒకటి ఉంటుంది.

అంతకుముందు ఏడాది, 1967లో, బాబ్ డిలన్ పాటల సంకలనం ఒకటి వచ్చింది. కవరు మీద రోలండ్ షెర్మన్ తీసిన ఫొటో. వెనక నుంచి నీలి వెలుతురు పడి ముఖం నీడలో, జుట్టు అంచు మెరుస్తూ ఉంటుంది. లోపల మిల్టన్ గ్లేజర్ గీసిన పోస్టరు. అందులో ముఖం పక్కనుంచి కనిపించే నల్లని ఆకారం, జుట్టు మాత్రం రంగురంగుల పాయలు. ఒకటి ఫొటో, ఒకటి గీసిన బొమ్మ. ఇద్దరు వేర్వేరు మనుషుల పని. అయినా చీకటి ముఖం, వెలిగే జుట్టు అన్న సంగతి రెండింటికీ ఉమ్మడి. పోలిక అంటే అదీ. రంగులు మార్చినా చెడలేదు, చేతివాటం మారినా చెడలేదు.

కుంచె (తాంబరం)

పాతరికార్డు గారు చెప్పినదానికి ఎదురు దారి కూడా ఉంది. పోస్టరే ముందు వచ్చి, తర్వాత కవరయిన సందర్భాలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం కచేరీకి 1966లో స్టాన్లీ మౌస్, ఆల్టన్ కెల్లీ కలిసి ఒక పోస్టరు చేశారు. గులాబీలు చుట్టుకున్న అస్థిపంజరం. అది వాళ్ళు మొదట గీసింది కాదు. ఎడ్మండ్ సలివన్ అనే చిత్రకారుడు ఒమర్ ఖయ్యాం రుబాయీల ఇంగ్లీషు పుస్తకానికి నల్లసిరాతో వేసిన బొమ్మ అది. మనకు దువ్వూరి రామిరెడ్డి గారి ద్వారా దగ్గరైన ఆ రుబాయీలే. వాళ్ళు దానికి రంగులద్ది, చుట్టూ అక్షరాలు చేర్చి పోస్టరు చేశారు. 1971లో అదే అస్థిపంజరం ఆ బృందం ఆల్బమ్ కవరు మీదికి ఎక్కింది. రిక్ గ్రిఫిన్ 1969లో కచేరీ పోస్టరుగా వేసిన మరో బొమ్మ కూడా అదే ఏడాది ఆ బృందం ఆల్బమ్ కవరయింది.

ఈ రెండూ గోడకు వేసినవి కాబట్టి చదరంలోకి దించినా బలం తగ్గలేదు. చిన్న కవరు కోసం వేసిన సున్నితమైన బొమ్మను గోడకు ఎక్కించడమే కష్టం. మువ్వలసవ్వడి గారి కవరు ఆ రెండో రకం. నీలంలో ఖాళీ, మూలలో చిన్న వస్తువు, అతి చిన్న అక్షరం. చేతికి దగ్గరగా పెట్టుకుని చూడాల్సినది.

చూపుడువేలు

ఇవన్నీ పేరున్న బృందాలు. వాళ్ళ కవరు తెల్లకాగితమైనా జనం కొంటారు. క్షేత్రయ్య పదాలు పాడే కొత్తవాళ్ళకు ఆ వెసులుబాటు లేదు.

రాతగీత

ఆ మాట నిజమే. అయితే కొత్తవాళ్ళ ఉదాహరణే చెబుతాను. 1979లో జాయ్ డివిజన్ బృందం మొదటి ఆల్బమ్ వచ్చేనాటికి వాళ్ళ పేరు ఎక్కువమందికి తెలియదు. పీటర్ సావిల్ చేసిన కవరు నల్లగా ఉంటుంది. మధ్యలో తెల్లగీతల గుట్ట ఒకటి, బృందం పేరు ముందువైపు లేనే లేదు. ఆ గీతలు మొదటిసారి కనిపెట్టిన పల్సార్ (లయ తప్పకుండా రేడియో స్పందనలు పంపే నక్షత్రం) నుంచి వచ్చిన రేడియో స్పందనలు, ఒక ఖగోళశాస్త్ర గ్రంథంలో తెల్లకాగితం మీద నల్లగీతలుగా అచ్చయినవి. సావిల్ వాటిని తిరగేసి నలుపు మీద తెలుపు చేశాడు. వాళ్ళ ఫ్యాక్టరీ రికార్డ్స్ సంస్థ పోస్టర్లనూ రికార్డులనూ ఒకే వరుసలో లెక్కపెట్టేది. ఒకటో నంబరు రికార్డు కాదు, సావిల్ చేసిన కచేరీ పోస్టరు. ఈ ఆల్బమ్ పదో నంబరు. పోస్టరంటే రికార్డుకు తోకగా వచ్చే ప్రకటన అని వాళ్ళు అనుకోలేదు. పేరు లేని కొత్త బృందానికే ఆ గీతలు పేరయ్యాయి. ఈ రోజు ఆ గీతలను చొక్కాల మీద వేసుకుని తిరిగేవాళ్ళలో పాట విననివాళ్ళూ ఉన్నారు.

అడయారు శ్రోత

మన తెలుగు సినిమా పాటల క్యాసెట్లు గుర్తొస్తున్నాయి. వాటి మీద సినిమా పోస్టరే ఉండేది కదా. అప్పుడు ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు.

పాతరికార్డు

ఇబ్బంది అనిపించకపోవడానికి కారణం కొలతల్లో ఉంది. క్యాసెట్ డబ్బా ముందువైపు కాగితం సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తు, ఆరున్నర వెడల్పు. నిలువు దీర్ఘచతురస్రం. 20×30 పోస్టరు కూడా దాదాపు అదే పోలికలో ఉంటుంది. కుదిస్తే చక్కగా అమరిపోతుంది. అంతకుముందు ఏడంగుళాల ఈ.పి. (చిన్న రికార్డు), పన్నెండంగుళాల ఎల్.పి. కవర్లు రెండూ చదరాలే. అక్కడ పోస్టరును ఉన్నపళంగా దించడం కుదరదు, బొమ్మను మళ్ళీ కూర్చాల్సిందే. క్యాసెట్ వచ్చాక ఆ అవసరం పోయింది. పోస్టరును కుదిస్తే కవరైపోతుందన్న అలవాటు మనవాళ్ళకు అక్కడే బలపడిందని నేననుకుంటాను. సీడీతో, ఆ తర్వాత యాప్‌లతో మళ్ళీ చదరం వచ్చింది గాని అలవాటు మాత్రం మిగిలిపోయింది.

సినిమా పోస్టరు బాధ్యతలూ వేరు. అందులో కథానాయకుడి ముఖం కనిపించాలి, పేర్ల వరుస ఎవరినీ నొప్పించకూడదు, సంస్థ గుర్తులు ఉండాలి. ఆ ఒత్తిడిలోనే ఈ మద్రాసులో కూర్చుని మనవాళ్ళు గొప్ప పని చేశారు. బాపు గారి అక్షరాలు చూస్తే బొమ్మ లేకపోయినా సినిమా స్వభావం తెలిసేది. ఈశ్వర్ గారు బాపు గారి తొలి చిత్రం 'సాక్షి'తో 1967లో పబ్లిసిటీ పని మొదలుపెట్టి కొన్ని దశాబ్దాలు చేశారు. వాళ్ళ దగ్గర నేర్చుకోవలసింది అక్షరమే. కవరు మీదా పోస్టరు మీదా అక్షరం ఒకే చేతిరాత అయితే బొమ్మ ఎంత మారినా రెండూ ఒకచోటివని తెలిసిపోతుంది.

ప్లేటుమేకర్ (రాయపేట)

ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. అచ్చు పనిలో బతికినవాణ్ణి కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను.

మీ ముదురు నీలం కంప్యూటర్ తెర మీద ఉన్నట్టు కాగితం మీద రాదు. సయాన్ (లేత నీలి సిరా) నూరు శాతం, మెజెంటా (గులాబీ ఎరుపు సిరా) ఎనభై, తొంభై వేసి చేసి ఉంటారు. ఆ రెండూ అంత దగ్గరగా ఉంటే అచ్చులో ఊదా రంగులోకి తిరుగుతుంది. సయాన్‌కూ మెజెంటాకూ మధ్య కనీసం ముప్పై శాతం తేడా ఉంచండి. కవరు ఒకచోట, పోస్టరు మరోచోట అచ్చువేయిస్తే ఒకటి నీలంగా, ఒకటి ఊదాగా వస్తుంది. అప్పుడు మీరు ఇంత ఆలోచించి కూర్చిన పోలిక అక్కడే దెబ్బతింటుంది. రెండింటికీ ఒకే ప్రూఫు (నమూనా అచ్చు) పెట్టుకుని దాన్నే ఇద్దరికీ చూపించండి. ఇంకా నమ్మకంగా కావాలంటే ఆ నీలాన్ని నాలుగు రంగుల మిశ్రమంగా కాకుండా విడి సిరాగా కలిపించి వేయించవచ్చు, ఖర్చు కొంచెం పెరుగుతుంది. కాగితమంతా గట్టి రంగు పడుతుంది కాబట్టి ఆరడానికి సమయం ఇవ్వాలి. తొందరపడి దొంతర పేరిస్తే పై కాగితం వెనక్కి సిరా అంటుతుంది.

రెండోది ఆ ఎర్రతాడు. నీలం మీద ఎరుపు వేయాలంటే తాడు ఉన్నచోట నీలం ప్లేటులో ఖాళీ వదులుతాం. ఆ ఖాళీలోకి ఎరుపు కచ్చితంగా దిగాలి. పావు మిల్లీమీటరు పక్కకు జరిగినా తాడు పక్కన లేతగీత కనిపిస్తుంది. సీడీ కవరులో తాడు సన్నం కాబట్టి అక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. అంచుల్లో ఒక రంగు మరో రంగు మీదికి కాస్త ఎక్కేలా చేయమని చెప్పండి.

మూడోది ఎండ. ఎవరైనా వీధిలో పాత పోస్టరు చూడండి, అంతా నీలంగా మారి ఉంటుంది. పసుపు, మెజెంటా ముందు వెలిసిపోతాయి. సయాన్, నలుపు ఎక్కువకాలం నిలుస్తాయి. ఎరుపు అంటే పసుపు, మెజెంటా కలయికే. మద్రాసు ఎండలో కొన్ని వారాలు ఉంటే మీ ఎర్రతాడు, ఇత్తడి మువ్వలు, లేత పసుపు పేరు మూడూ పోయి నీలం ఒక్కటే మిగులుతుంది. కవరునూ పోస్టరునూ కలిపే వస్తువులన్నీ వెలిసిపోయే రంగుల్లోనే ఉన్నాయి. నీడ ఉన్న చోట్లే అంటించండి. లేదా పేరును తెలుపులో పెట్టండి. తెలుపంటే కాగితమే కాబట్టి అది ఎక్కడికీ పోదు.

మువ్వలసవ్వడి

ప్లేటుమేకర్ గారూ, ఇది ఎవరూ చెప్పని సంగతి. పేరును తెలుపులోకి మారుస్తున్నాం, కవరులో కూడా. పాతరికార్డు గారన్నట్టు అక్షరం రెండింటిలో ఒకటే ఉండాలి కదా.

ఇప్పుడు ఏది వదలకూడదో తేల్చుకోవడానికి మేమంతా కూర్చున్నాం. నీలం ఖాళీ, ఎర్రతాడు, అంచు దాటిపోయే మువ్వ. ఈ మూడూ ఉంటే చాలనుకున్నాం. కానీ వాటిని నిలువు కాగితంలో ఎక్కడ పెట్టాలో తోచలేదు. తాడును పై నుంచి కిందికి వేలాడదీద్దామని ఒకరు, మూలలోనే పెద్దవి చేద్దామని ఒకరు.

కుంచె

వేలాడదీస్తే గంటలవుతాయి, కాలికి కట్టే మువ్వలు కావు. అడ్డంగానే పెట్టండి.

రాతగీత

మీ కవరులో మువ్వలు అంచు దాటిపోతున్నాయి అన్నారు కదా, జవాబు అక్కడే ఉంది. పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం 1973 ఆల్బమ్ కవరు చాలామందికి తెలుసు. హిప్‌నోసిస్ బృందం రూపొందించగా జార్జ్ హార్డీ గీశాడు. నల్లని నేపథ్యం, గాజు పట్టకం, ఒకవైపు నుంచి తెల్లని కిరణం, మరోవైపు నుంచి ఆరు రంగుల పట్టీ. ఆ రంగుల పట్టీ కవరు అంచుతో ఆగదు. లోపలి పుటల్లోకి సాగి అక్కడ గుండె కొట్టుకునే గీతగా మారుతుంది, వెనకవైపు ఇంకో పట్టకంలోకి వెళుతుంది. దుకాణంలో కవర్లను విప్పి వరుసగా నిలబెడితే ఒకదాని గీత మరోదానిలోకి సాగిపోతుంది. లోపల రెండు పోస్టర్లు ఇచ్చారు. ఒకటి బృందం ఫొటోలది. ఇంకొకటి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ముతో తీసిన ఈజిప్టు పిరమిడ్ల ఫొటో. అందులో పట్టకం లేదు, రంగుల పట్టీ లేదు. ఉన్నది త్రిభుజం ఒక్కటే. కవరులో గాజుగా ఉన్న ఆకారం పోస్టరులో రాయి అయింది.

మీరు కూడా అంచును వాడుకోండి. మన ఊళ్ళో పోస్టరును ఒక్కటిగా ఎవరూ అంటించరు, నాలుగైదు పక్కపక్కన వరుసగా అంటిస్తారు. తాడు ఎడమ అంచులో ఏ ఎత్తున లోపలికి వస్తుందో, కుడి అంచులో అదే ఎత్తున బయటికి పోయేలా గీయండి. మధ్యలో కొంచెం జారి లేవవచ్చు, అంచుల దగ్గర మాత్రం ఎత్తు ఒకటే ఉండాలి. కుడి అంచులో సగం మువ్వ, ఎడమ అంచులో మిగతా సగం. పోస్టర్లు పక్కపక్కన పడితే గోడ పొడవునా ఒకే మువ్వల వరుస అవుతుంది. ఒక్కటే అంటించినా కవరులో ఉన్నట్టు అంచు దాటిపోయే మువ్వ ఉండనే ఉంటుంది.

అప్పుడు తాడు పోస్టరును రెండు భాగాలు చేస్తుంది. పైన మూడింట రెండు వంతులు నీలం, అందులో మూడంగుళాల తెల్ల అక్షరాలతో పేరు. తాడు కింద వివరాలు. నల్లపట్టీ చేయాల్సిన పని తాడే చేస్తుంది.

చూపుడువేలు

ఇది బాగుంది, నిజంగా బాగుంది. అయినా నా పట్టు వదలను. పోస్టరులో ఎక్కడో ఒకచోట అసలు కవరు చిన్నదిగా కనిపించాలి, పక్కన యాప్‌లో తెరిచే క్యూఆర్ కోడ్ ఉండాలి.

రాతగీత

పోస్టరులో కవరు బొమ్మ పెట్టడం నాకు ఎప్పుడూ నచ్చదు. ఒకే తాడు రెండుసార్లు కనిపిస్తుంది, చూపు చెదురుతుంది.

ప్లేటుమేకర్

క్యూఆర్ కోడ్‌ను నీలం మీద తెల్లగా వేయకండి, కొన్ని ఫోన్లు చదవవు. తెల్లని చదరం మీద ముదురు నీలంతో వేయండి, చుట్టూ ఖాళీ అంచు వదలండి.

పాతరికార్డు

చూపుడువేలు గారి మాటలో న్యాయం ఉంది, పెట్టండి. కాకపోతే కింది వివరాల భాగంలో, క్యూఆర్ పక్కన, అదే కొలతలో. దగ్గరికి వచ్చి ఫోను ఎత్తిన మనిషికే అది కనిపించాలి. రోడ్డు అవతలివాడికి మువ్వలు, పేరు చాలు.

అడయారు శ్రోత

మైలాపూరులో పోస్టరు చదివేవాళ్ళలో తమిళులే ఎక్కువ. ఈ పదాలను తరతరాలుగా కాపాడిన వీణ ధనమ్మాళ్ కుటుంబం కూడా ఈ మద్రాసుదే. పేరు తమిళంలో ఉండదా?

మువ్వలసవ్వడి

ఉంటుందండీ. ఆ పదాలు ఇప్పటికీ పాడగలుగుతున్నామంటే ఆ ఇంటివాళ్ళ చలవే. తమిళం లేకుండా వేయం. రెండు లిపుల్లో ఏది ఎంత ఉండాలో రాతగీత గారు చెప్పాలి.

రాతగీత

తమిళంలో వత్తులు కిందికి దిగవు, అక్షరాలన్నీ పక్కపక్కనే నడుస్తాయి. అందుకని అదే పేరు ఎత్తులో తక్కువ, పొడవులో ఎక్కువ అవుతుంది. రెండింటినీ ఒకే పాయింట్ సైజులో పెడితే తమిళ వరుస కాగితం దాటిపోతుంది. రెండు వరుసల పొడవు సమానం చేయండి, ఎత్తు దానంతటదే సర్దుకుంటుంది. తెలుగు వత్తుల కింద తమిళ వరుసకు ముందు బాగా చోటు వదలండి, 'క్ష' కింది వత్తు తమిళ చుక్కల మీద పడకూడదు. గీత మందం రెండు లిపుల్లో ఒకటిగా ఉండేలా చూడండి, లేకపోతే ఒకటి అరిచినట్టు, ఒకటి గొణిగినట్టు ఉంటుంది.

మువ్వలసవ్వడి

కొత్త లేఅవుట్ వచ్చింది. 20×30లోనే. తాడు అడుగు అంచు నుంచి పదకొండు అంగుళాల ఎత్తున లోపలికి వచ్చి, మధ్యలో కొంచెం జారి, మళ్ళీ అదే ఎత్తున బయటికి పోతుంది. పైన తెలుగు, దాని కింద తమిళం, తెలుపులో. కింది భాగంలో తేదీ, వేదిక, పేర్లు, కుడివైపు క్యూఆర్, దాని పక్కన రెండున్నర అంగుళాల కవరు. మాలో ఒకామె చూడగానే కవరుకు ఇది కొనసాగింపులా ఉందన్నారు, మేమెవరం ఆమెకు ఏమీ చెప్పకముందే. సభ ఆవరణలోనూ, అనుమతి ఇచ్చిన రెండు పుస్తకాల దుకాణాల్లోనూ మాత్రమే అంటిస్తాం. తక్కువ ప్రతులే కాబట్టి ఆఫ్‌సెట్ (ప్లేట్లతో వేసే అచ్చు) మానేసి డిజిటల్‌లో వేయిద్దామా అని ఆలోచిస్తున్నాం.

ప్లేటుమేకర్

తక్కువ ప్రతులకు డిజిటలే మేలు, ప్లేట్ల ఖర్చు ఉండదు. దుకాణాల లోపల పెట్టేవాటికి 130 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 130 గ్రాముల) ఆర్ట్ పేపరు తీసుకోండి. మైదా జిగురుతో అంటించేవాటికి పల్చటి కాగితమే పట్టు ఇస్తుంది. కటింగ్‌లో మాత్రం జాగ్రత్త. ఒక మిల్లీమీటరు అటూఇటూ పోవడం మామూలే. దొంతరను అడుగు అంచు నుంచి కొలిచి కోయమని చెప్పండి, పై అంచు నుంచి కొలిస్తే తాడు ఎత్తు ప్రతికీ ప్రతికీ మారుతుంది. తాడు మందం పోస్టరులో పది మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి, అంత ఉంటే చిన్న తేడా కంటికి కనిపించదు. అంటించేవాళ్ళు పక్క పోస్టరు మీదికి కొంచెం ఎక్కించి అంటిస్తారు. అందుకని కుడి అంచు మువ్వను సరిగ్గా సగానికి కాకుండా ఐదు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచండి.

మువ్వలసవ్వడి

ఆ ఐదు మిల్లీమీటర్లు ఇప్పుడే కలిపించాం. సోమవారం ప్రూఫు వస్తుంది. కవరు ప్రూఫు పక్కన పెట్టి పగటి వెలుతురులో ఒకసారి, హాలులోని ట్యూబులైటు కింద ఒకసారి చూసి, నీలం రెండింటిలో కలిసిందో లేదో ఇక్కడే రాస్తాను.